కెజియా కణాలు

కూతురు పోయిన ఏడాదికి, ఆ పిల్ల ఇంకా తన రక్తంలో ఉందని డాక్టర్ సువర్ణకు తెలిసింది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, కొండవాలు మీద ఉండే ఒక పరిశోధన సంస్థలో ఆమె ఉద్యోగం. చదువుకునే రోజుల నుంచీ ఆమెది ఒకటే ప్రశ్న. మన ఒంట్లోని కాపలా కణాలు పరాయిది ఏది కనిపించినా వెంటపడి చంపుతాయి. ఇంకొకరి మూత్రపిండం పెడితే ఒప్పుకోవు, ఇంకొకరి ఎముక మజ్జ ఎక్కిస్తే ఒప్పుకోవు. మరి కడుపులో బిడ్డ సగం తండ్రిదే కదా, అంటే సగం పరాయిదే కదా, దాన్ని తొమ్మిది నెలలూ ఎందుకు ఏమీ చేయవు? ఈ ప్రశ్న మీదే ఆమె డాక్టరేటు చేసింది. ఎలుకలతో ఏళ్ళకేళ్ళు గడిపింది. మధ్యలో పెళ్ళి చేసుకుంది, బిడ్డను కంది. నిండు నెలలప్పుడు, "నా థీసిస్ కడుపులో తంతోంది" అని తోటివాళ్ళతో నవ్వుతూ అనేది.

కెజియాకు తొమ్మిదేళ్ళు నిండిన వానాకాలంలో, బడి నుంచి వస్తున్న ఆటో కొండ మలుపులో బోల్తా పడింది. మిగతా పిల్లలు దెబ్బలతో బయటపడ్డారు.

సువర్ణ ఎక్కువ రోజులు సెలవు పెట్టలేదు. ఇంట్లో కూర్చోవడం కంటే ల్యాబ్‌లో కూర్చోవడమే తేలికగా ఉండేది. అప్పట్లో ఆమె ఒక కొత్త రంగు తయారుచేస్తోంది. బిడ్డ కణాలు కొన్ని కాన్పుకు ముందే తల్లి రక్తంలోకి చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. తండ్రి వైపు నుంచి వచ్చిన గుర్తుల్ని బట్టి వాటిని పట్టుకుని పచ్చగా వెలిగించే రంగు అది. కాన్పులైన ఆడవాళ్ళు కొందరు రక్తం ఇచ్చారు. ల్యాబ్‌లో అందరూ చేసేదే గనుక, పోల్చి చూడటానికి తన రక్తం కూడా ఒక చుక్క తీసి పెట్టింది. భర్త వైపు గుర్తుల్ని వెతకమని రంగుకు చెప్పింది.

మైక్రోస్కోపులో చూస్తే వేల కణాల మధ్య ఆరేడు పచ్చటి చుక్కలు.

ఏదో పొరపాటు జరిగిందనుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ అవే. అందులో ఒకటి రెండుగా విడిపోతోంది కూడా. అది తను ఎన్నో తరగతుల్లో పాఠంగా చెప్పిన విషయమే. అయినా ఆమె చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేకపోయింది.

ఆమె భర్త ఆశీర్వాదం పోర్టు వర్క్‌షాపులో ఫోర్‌మన్. సాయంత్రం ఇంటికొచ్చి క్యారేజీ గిన్నెలు కడుగుతుంటే, ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది.

"నీ ఒంట్లోనా?" అన్నాడు అతను కుళాయి కట్టేసి.

"నా రక్తంలో. మజ్జలో కూడా ఉండి ఉంటాయి. మీ గుర్తున్న కణాలండీ. కెజియావే. ఇంకెవరివీ కావడానికి వీల్లేదు."

"బతికే ఉన్నాయా?"

"బతికే ఉన్నాయి."

అతను తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. దగ్గరకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, మణికట్టు దగ్గర బొటనవేలు పెట్టి, వైద్యుడు నాడి చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. పిల్ల పోయాక వాళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నది ఆ పూటే.

కొన్ని నెలలు అలా నెమ్మదిగా గడిచాయి. తరవాత ల్యాబ్‌లో ఎవరూ అనుకోనిది జరిగింది. మిగతా తల్లుల నుంచి తీసిన బిడ్డ కణాలు గాజు పళ్ళాల్లో నాలుగు రోజులు ఉండి చచ్చిపోయేవి. సువర్ణ రక్తంలోంచి తీసినవి మాత్రం పెరిగాయి. మూలకణాలు గనుక వాటి నుంచి ఎర్ర రక్తకణాలు పుట్టాయి, తెల్లవి పుట్టాయి. ఎవరి రక్తంలోని కాపలా కణాల్ని తెచ్చి వాటి పక్కన వదిలినా, అవి వచ్చి ఒకసారి తడిమి వెళ్ళిపోయేవి. కెజియా కణాల పైన ఒక చిన్న మాంసకృత్తు ఉంది. తల్లి కడుపులో బిడ్డను కాపాడే గుర్తు అదే. పుట్టాక పోవలసినది వీటి మీద పోకుండా నిలిచిపోయింది. సువర్ణ ఇన్నేళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె రక్తంలోనే దొరికింది. ఇక జబ్బు చేసిన మనిషికి సరిపోయే మజ్జ కోసం లోకమంతా వెతకక్కరలేదు. ఇవి ఎవరికైనా సరిపోతాయి.

"పెంచుతున్నాం" అని చెప్పింది ఇంట్లో.

ఆశీర్వాదం ముఖం మారిపోయింది. "ఎవరు పెంచమన్నారు?"

"రోగులకి ఎక్కించడానికండీ."

"ఓసారి కోశారు సువర్ణా. నన్ను మార్చురీ బయట బెంచీ మీద కూకోబెట్టి, లోపల నా పిల్లని కోశారు. అది చాల్లేదేటి? మళ్ళీ నువ్వు మొదలెట్టావా?"

"అది కెజియా కాదండీ. కణాలు."

"మొన్న కెజియావే అన్నావు కదా!"

అతను చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె పని ఆపలేదు.

మొదటిసారి ఆ కణాలు ఎక్కించుకున్నది జమున అనే పిల్ల. పాడేరు అవతల కొండల్లో ఊరు. పద్నాలుగేళ్ళు. ఆ కొండల్లో చాలామందికి ఉన్న సికిల్ సెల్ జబ్బే ఆ పిల్లకీ. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోటల్లా భరించలేని నొప్పి. తల్లి చిలకమ్మ ఆస్పత్రి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"ఒల్లు ముట్టుకోనివ్వదు మేడమ్మా. పురుగు కొరికినట్టు ఏడుస్తాది. సూడ్లేకపోతన్నాను" అంది.

సువర్ణ వివరంగా చెప్పింది. కొత్త మందు, ఇంతవరకూ మనుషులకు ఇవ్వలేదు, ఏం జరుగుతుందో పూర్తిగా తెలియదు అని దాచకుండా చెప్పింది. చిలకమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"ఎవురిచ్చేరు మేడమ్మా ఇది?"

"పేరు చెప్పకూడదమ్మా. అది రూలు."

"పోనీలే. ఎవురైతేనేటి, ఇచ్చినోలు సల్లగుండాలి" అని చిలకమ్మ చేతులు జోడించింది. సువర్ణ చూపు తిప్పుకుని సెలైన్ గొట్టం సరిచేసింది.

ఎక్కించింది పావు గ్లాసుకు మించదు. చలికాలం వచ్చేసరికి జమున రక్తంలో వంగిన కణాలు వెతికినా కనిపించలేదు. ఊరికి వెళ్ళి మర్నాడు వస్తామని చెప్పి, వారం తరవాత వచ్చారు తల్లీకూతుళ్ళు. ఎందుకు ఆలస్యమైందంటే, జమున అల్లం బస్తా నెత్తిన పెట్టుకుని సంతకు నడిచిందట, తిరిగి కొండెక్కిందట, ఊళ్ళో వాళ్ళంతా చూడటానికి వచ్చారట. చిలకమ్మ మూటలోంచి రాజ్‌మా గింజలు తీసి బల్ల మీద పోసింది.

ఆ సంగతి సువర్ణ ఇంట్లో చెప్పలేదు. రాజ్‌మా గింజలు వంటింట్లో పెట్టింది. "ఎక్కడివి?" అని ఆశీర్వాదమే అడిగాడు. అప్పుడు చెప్పింది. అతను గింజలు రెండు చేతులతో ఎత్తి, వేళ్ళ సందుల్లోంచి తిరిగి జారవిడిచాడు. "నడిచిందా?" అన్నాడు. "కొండ ఎక్కిందా?" అన్నాడు మళ్ళీ.

పన్నెండో తరగతి అయ్యాక జమున విశాఖలోనే నర్సింగు స్కూల్లో చేరింది. ఆదివారాలు హాస్టల్ నుంచి వీళ్ళింటికి భోజనానికి వచ్చేది. తనకు మందు ఇచ్చిన డాక్టరమ్మ ఇల్లని రావడమే తప్ప, అంతకు మించి ఆ పిల్లకు ఏమీ తెలియదు. హాల్లో గోడ మీద రెండు జడల పాప ఫొటో చూసి, "మీ పాపా మేడమ్?" అని ఒకసారి అడిగింది. పేరు అడిగి తెలుసుకుంది. ఇంకేమీ అడగలేదు. కొండల్లో పిల్లలు పోయిన ఇళ్ళు ఆ పిల్ల చాలా చూసింది.

మొదట్లో ఆ పిల్ల వస్తే ఆశీర్వాదం బయటకు వెళ్ళిపోయేవాడు. తరవాత్తరవాత ఉండసాగాడు. ఒక ఆదివారం పొద్దున్నే రేవుకు వెళ్ళి వంజరం చేప తెచ్చి తనే పులుసు పెట్టాడు.

"ఈ వారం రక్తం ఎంతుందమ్మా?" అని అడిగేవాడు వడ్డిస్తూ.

"పన్నెండున్నర అంకుల్."

"మొన్న పదమూడన్నావు కదా? తిండి సరిగ్గా తినట్లేదేటి?" అని ఇంకో ముక్క వేసేవాడు.

ఒకసారి ఆ పిల్ల వెళ్ళిపోయాక సువర్ణ అడిగింది. "ఆ పిల్లలో కెజియాని చూసుకుంటున్నారా?"

"లేదు. అది వేరే పిల్ల. దాని నవ్వు వేరు, నడక వేరు" అన్నాడు ఆశీర్వాదం. "కానీ మన పిల్ల ఏదో పని చేస్తాంది అనిపిస్తాది. పెద్దదయ్యుంటే ఏదో ఉద్యోగం చేసేది కదా. అలాగ" అన్నాడు.

ఆ ఏళ్ళలో పదిహేడు మందికి కెజియా కణాలు ఎక్కించారు. సువర్ణ పేరు దేశదేశాల్లో వినిపించింది. సంస్థ డైరెక్టరు డాక్టర్ బెహరా, ఆమె గురువు కూడా, ప్రతి సభలోనూ ఆమెను పక్కన నిలబెట్టుకునేవాడు. ఆ కణాలు ఎవరివో ఆయనకు తెలుసు. బయటివాళ్ళకు అదొక నంబరు.

మొదటి దెబ్బ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. అప్పలనర్సు అనే బడిపంతులు. అతనికి ఎక్కించి అయిదేళ్ళయింది. కడుపు వాచింది, చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. విశాఖ తెచ్చి రెండు వారాలు చూశారు. దక్కలేదు. అతని రక్తాన్ని పరీక్షిస్తే పళ్ళెమంతా పచ్చగా వెలిగింది. అతని సొంత కణాలకు చోటే మిగల్లేదు.

తరవాత ఇంకొకరు. తరవాత ఒకేసారి ముగ్గురు.

సువర్ణ పాత పళ్ళేలన్నీ మళ్ళీ తెరిచింది. మిగతా తల్లుల కణాలు ఎందుకు చచ్చిపోయాయో, ఇవి ఎందుకు పెరిగాయో అప్పుడు అర్థమైంది. ఆగడం తెలియని గుణం వీటిలో పుట్టుక నుంచే ఉంది. తల్లి ఒంట్లో ఏళ్ళ తరబడి సర్దుకుని పెరిగాయి గనుక అక్కడ అణిగి ఉన్నాయి. కొత్త ఒంట్లో వాటిని అణిచేది ఏదీ లేదు. కాపలా కణాలు వచ్చి తడిమి, ఆ గుర్తు చూసి, వెనక్కు వెళ్ళిపోతున్నాయి. ఏ గుణం వల్ల మందయ్యాయో ఆ గుణమే మనుషుల్ని చంపుతోంది.

ఆ ఆదివారం జమున మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "కొంచెం ఆయాసంగా ఉంటోంది మేడమ్. డ్యూటీ ఎక్కువై ఉంటాది" అంది నవ్వుతూ. సువర్ణ అన్నం ముందు నుంచి లేపి ఆ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

మందులు వాటి మీద పనిచేయలేదు. మజ్జ లోతుల్లో దాక్కునేవి. మిగిలింది ఒకటే దారి. ఆ గుర్తును శత్రువుగా చూపించే టీకా. ఒకసారి వేస్తే ఆ ఒంట్లోని కాపలా కణాలు దాన్ని గుర్తుపెట్టుకుని, బతికున్నంత కాలం, ఎక్కడ కనిపించినా చంపుతాయి. సువర్ణే తయారుచేసింది. ఆ గుర్తు గురించి ఆమె కంటే తెలిసినవాళ్ళు లేరు.

"ఎలుకల్లో పనిచేసింది" అన్నాడు బెహరా తన గదిలో. "కానీ మనిషి కాలేయం మీద కూడా దాదాపు అలాంటి గుర్తే ఉంటుంది. టీకా దాని మీద పడితే మనిషి పోతాడు. జమున లాంటి నీరసంగా ఉన్న పిల్లకి నేరుగా ఇవ్వడానికి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. ముందు ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద చూడాలి."

"ఆ మనిషి ఒంట్లో ఈ కణాలు ఉండాలి సార్. లేకపోతే టీకా వాటిని చంపిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఉండాలి" అన్నాడు బెహరా. తరవాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను నిన్ను అడగను సువర్ణా. నీ ఒంట్లో అవి నిన్నేమీ చేయడం లేదు. ఎప్పటికీ చేయకపోవచ్చు కూడా. ఇది నేను నిన్ను అడగకూడదు."

"అడగక్కర్లేదు సార్" అంది ఆమె.

ఇంటికి వెళ్ళాక ఆశీర్వాదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పింది. అతను మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"అయితే నీ ఒంట్లో కూడా పోతాయి."

"పోతాయి."

"అన్నీనా? ఏ మూలో ఒకటి మిగలదూ?"

"మిగిలినా, కనిపించిన రోజున చంపేస్తాయండీ. నా ఒళ్ళే."

"ఆ ఫ్రీజరులో దాచినవో?"

"అవీ తీసేస్తారు. ఇంకెవరి ఒంట్లోకీ వెళ్ళకూడదు కదా."

అతను లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. వాళ్ళ వైపు చూస్తూ మాట్లాడాడు. "నేను సమాధి దగ్గరకి వెళ్ళడం మానీసి ఎన్నాళ్ళయిందో తెలుసా? నువ్వు ఆ మాట చెప్పినప్పటి నుంచీ వెళ్ళలేదు. అక్కడేటుంది, పిల్ల ఇంట్లోనే ఉంది కదా అనుకున్నాను. నువ్వు పడుకుంటే నీ పక్కన కూర్చుని మాట్లాడీవోణ్ణి. నీతో కాదు."

ఆమెకు అది తెలియదు. ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ చెప్పలేదు.

"నీకు కడుపులో మోసినదేనా ఉంది సువర్ణా. నా ఒంట్లో ఏటుంది? నాకు దాని చోటు నువ్వే."

"వద్దనండి" అంది ఆమె. "మీరు వద్దంటే మానేస్తాను. సగం మీదే కదా."

నిజంగానే అంది. అతను వద్దనాలని లోపల ఎక్కడో కోరుకుంది కూడా. ఆశీర్వాదం చొక్కా వేసుకుని బయటకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆస్పత్రికి వెళ్ళి వచ్చానని చెప్పాడు.

"చిలకమ్మ వచ్చింది కొండ మీంచి. ఆ పిల్లకి అన్నం కలిపి తినిపిస్తాంది. నన్ను చూసి, మీరు కాస్త మేడమ్మకి చెప్పండి బాబూ, ఏదో ఒకటి చెయ్యమనండి అంది." చెప్పులు విప్పి గోడ పక్కన సర్ది పెట్టాడు. "ఎప్పుడు వేసుకుంటావు?"

టీకా వేసిన రెండో రోజుకు జ్వరం వచ్చింది. రావాలి. రాకపోతే పనిచేయనట్టు. సంస్థలోనే ఒక గదిలో పడుకోబెట్టారు. కాలేయం ఎలా ఉందో చూడటానికి పూటపూటకీ రక్తం తీశారు. ఒళ్ళు పెనంలా కాలింది. జ్వరం తగ్గే మాత్ర ఇవ్వబోతే ఆమె వద్దంది. దానివల్ల ఫలితం సరిగ్గా తెలియదని డాక్టర్లతో చెప్పింది. అది నిజమే.

ఒక మధ్యాహ్నం ఓపిక తెచ్చుకుని, భర్త భుజం పట్టుకుని పక్క గదిలోని మైక్రోస్కోపు దాకా నడిచింది. బెహరా వద్దన్నాడు. వినలేదు. ఒక పచ్చటి చుక్క చుట్టూ ఆమె కాపలా కణాలు అయిదారు గుమిగూడి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా అవి ఎందుకు చంపవు అని అడిగిన మనిషి, అవి చంపుతుండగా చూసింది. పచ్చరంగు కాస్త కాస్తగా వెలిసిపోయింది.

"ఏటి కనబడతాంది?" అన్నాడు ఆశీర్వాదం.

"మీరు చూడకండి."

అతను చూడలేదు. ఆమెను మంచం దాకా నడిపించి పడుకోబెట్టాడు. తడిగుడ్డ మారుస్తూ, గంటగంటకీ థర్మామీటరు పెట్టి చూస్తూ కూర్చున్నాడు. జ్వరం ఉన్నంతసేపూ లోపల ఇంకా ఎవరో ఉన్నట్టు. అది ఇద్దరికీ తెలుసు. నాలుగో రోజు సాయంత్రం ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఆశీర్వాదం థర్మామీటరు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. మళ్ళీ పెట్టి మళ్ళీ చూశాడు.

"తగ్గిపోయింది" అన్నాడు. జ్వరం తగ్గినందుకు ఇద్దరూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఫలితం చెప్పడానికి వచ్చిన నర్సు గుమ్మంలోంచే వెనక్కు వెళ్ళిపోయింది.

ఆ ఫలితంలో పచ్చటి చుక్క ఒక్కటి కూడా లేదు. కాలేయం బాగుంది.

టీకాను మిగిలినవాళ్ళకు వేశారు. ఇద్దరికి అప్పటికే ఆలస్యమైపోయింది. మిగతావాళ్ళు బతికారు. జమున బతికింది. ఆ పిల్ల ఒంట్లో కెజియా కణాలు పోయాక, సొంత మజ్జ మళ్ళీ పని మొదలుపెట్టింది. దానితో పాటే కొడవలి కణాలూ వచ్చాయి. మొదటి నొప్పి వచ్చిన రోజున సువర్ణ వార్డుకు వెళ్ళింది. జమున మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. నర్సింగు చదివింది గనుక ఏం జరిగిందో సగం తనే తెలుసుకుంది.

"ఆ కణాలు ఎవరివి మేడమ్?" అని అడిగింది. "ఇప్పుడు ఎలాగూ లేవు కదా. ఇప్పుడైనా చెప్పచ్చు కదా."

సువర్ణ మంచం అంచున కూర్చుంది. "మా అమ్మాయివి."

జమున తల తిప్పి చూసింది. "కెజియా పాపవా?"

"ఊఁ."

"మీ ఒంట్లో కూడా ఉండేవా?"

"ఉండేవి."

ఆ పిల్ల కళ్ళ నుంచి నీళ్ళు కారి దిండు మీద పడ్డాయి. నొప్పి వల్లో, దీని వల్లో తెలియదు. "ఆరేళ్ళు నాకు ఏ నొప్పీ లేకుండా చూసుకుంది మేడమ్" అంది. తరవాత చాలా మెల్లిగా అడిగింది. "నా ఒంట్లో పోయినప్పుడు దానికేమైనా నొప్పేసి ఉంటాదా?"

కణాలకు నొప్పి తెలియదు. మొదటి సంవత్సరం విద్యార్థి కూడా చెప్పే జవాబు అది. సువర్ణ దిండు మీద తడిసిన చోటును అరచేత్తో తుడిచింది.

"లేదమ్మా" అంది చివరికి. "ఏమీ తెలీదు."

"నిజంగానా?"

"నిజంగా."

జమున తలూపింది. నొప్పి ఇంకోసారి తన్నుకొచ్చి పళ్ళు బిగించింది. సువర్ణ మంచం మీదికి జరిగి, ఆ పిల్ల కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు ఒత్తడం మొదలుపెట్టింది.